పాత స్పోర్ట్స్ కారు కొనబోయేవారికి: ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి

కడపలో పైపులు, మోటార్ల కొట్టు నడుపుకునేవాడిని. వయసు నలభై ఎనిమిది. 2023 అక్టోబరులో బెంగళూరులోని ఒక పాత కార్ల యార్డులో రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నాను. 2014 మోడలు, దిగుమతి బండి, ఎరుపు రంగు. మీట నొక్కితే టాపు మడుచుకుని డిక్కీలోకి వెళ్లిపోతుంది. ధర 16,50,000 రూపాయలు. ఆ తర్వాత ఇరవై నెలల్లో మరమ్మతులకు, టైర్లకు ఇంకో 5,90,000 పెట్టాను. యార్డు పేరు ఇక్కడ రాయను, వ్యవహారం ఇప్పుడు వినియోగదారుల కమిషన్ ముందు ఉంది. పేరు తెలిసినా మీకు ఒరిగేది తక్కువే. నా దగ్గర ఏమి దాచారో, ఎలా దాచారో తెలిస్తే మాత్రం రేపు మీరు వెళ్లే చోట పనికొస్తుంది.

ఆదివారం ఉదయం ఏడు గంటలకు రమ్మన్నారు. "పొద్దున్నే అయితే రోడ్డు ఖాళీగా ఉంటుంది సార్, బండిని తనివితీరా నడిపి చూసుకోవచ్చు" అన్నాడు అక్కడి కుర్రాడు, చక్కని తెలుగులో. రాత్రి ఒంటిగంటకు బయలుదేరి రాయచోటి, మదనపల్లె, చింతామణి మీదుగా వెళ్లాను. కారు అప్పుడే కడిగినట్టు మెరుస్తోంది, అద్దాల అంచున నీటి చుక్కలు ఇంకా ఆరలేదు. బానెట్ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. "కడగడానికి ఇప్పుడే అటు నుంచి ఇటు తెచ్చాం సార్" అన్నాడు. సరే అనుకున్నాను. ఇరవై అడుగులు కదిలితే ఇంజను అంత వేడెక్కదని నాకు తట్టలేదు. మోటార్లు అమ్ముకు బతికేవాడికి తట్టి ఉండాల్సింది.

ఆ వెచ్చదనం ఖరీదు 1,15,000 రూపాయలు. ఎలాగో చెబుతాను. ఇంజను వాల్వులు సరైన సమయానికి తెరుచుకుని మూసుకునేలా చూసే టైమింగ్ చైను ఒకటి లోపల ఉంటుంది. దాన్ని బిగువుగా పట్టి ఉంచేది టెన్షనర్. రాత్రంతా నిలబడి చల్లారిన ఇంజనును స్టార్టు చేసినప్పుడు టెన్షనర్‌లోకి ఆయిలు ఎక్కడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. చైను సాగిపోయి ఉంటే సరిగ్గా ఆ కాస్త సేపే గలగలమని మోగుతుంది, ఆయిలు అందగానే నోరు మూసుకుంటుంది. రోజు మొత్తంలో జబ్బు బయటపడేది ఆ రెండు సెకన్లే. నేను చేరేసరికి ఆ రెండు సెకన్లు ముగిసిపోయి ఉన్నాయి. మూడో రోజు ఉదయం మా పోర్టికోలో తాళం తిప్పితే, డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు వినబడింది.

రెండో జబ్బు దీనికి సరిగ్గా వ్యతిరేకం. వేడెక్కితేనే బయటపడుతుంది. ఈ కార్లలో డబుల్ క్లచ్ గేరుబాక్సు ఉంటుంది. ఒక క్లచ్ బేసి గేర్లను, రెండోది సరి గేర్లను చూసుకుంటుంది, రెండింటినీ ఆడించేది ఒక కంప్యూటరు, దాని కింద ఆయిలు ఒత్తిడితో నడిచే వాల్వులు. ఖాళీ రోడ్డు మీద వెన్నలా సాగుతుంది. ట్రాఫిక్‌లో అడుగు కదిలి అడుగు ఆగుతూ పోతే క్లచ్‌లు రాసుకుని కాగుతాయి, లోపల అరుగుదల ఉంటే అప్పుడే కుదుపు మొదలవుతుంది. ఆదివారం ఏడు గంటలకే ఎందుకు రమ్మన్నారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. నాకు అర్థం కావడానికి మే నెల రావలసి వచ్చింది.

మా తాత ఎద్దులు కొనడానికి సంతకు వెళితే పళ్లు చూసేవాడు, కాడి కట్టి నడిపించేవాడు, డెక్కలు ఎత్తి చూసేవాడు, చీకటి పడేదాకా బేరం ముగించేవాడు కాదు. ఆయన మనవడిని నేను. రంగు చూసి, మోత విని, నలభై నిమిషాల్లో బయానా ఇచ్చేశాను.

2024 మే, మధ్యాహ్నం రెండు దాటింది. కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర కారు ఒక్కసారి జింకలా గెంతి ఆగింది. గేరుబాక్సు వేడెక్కిందని డాష్‌బోర్డు మీద ఎర్ర అక్షరాలు. వెనక హారన్లు. ఆటోవాలా దిగివచ్చి "అన్నా, తోయాలా?" అన్నాడు. తోస్తే కదలదు, గేరు లోపల పట్టేసింది. ఇలాంటి బండిని తాడు కట్టి లాగకూడదు కూడా. చక్రాలు నేల మీద దొర్లితే గేరుబాక్సు ఇంకా పాడవుతుంది, మొత్తం కారును ఎత్తి మీద పెట్టుకునే లారీయే రావాలి. అది వచ్చేసరికి సాయంత్రం ఐదయింది. ఆ మూడు గంటల్లో నాకు తెలిసినవారు ఎంతమంది అటుగా వెళ్లారో లెక్కపెట్టడం మానేశాను. ఒకాయన మాత్రం ఆగి, మైలేజీ ఎంత ఇస్తుందని అడిగాడు.

బెంగళూరులో ఈ రకం గేరుబాక్సులే బాగుచేసే ఒక వర్క్‌షాపుకు పంపాను. వాళ్లు కారులోని కంప్యూటర్లను చదివే స్కానర్ తగిలించి ఇచ్చిన కాగితంలోనే అసలు సంగతి బయటపడింది. డాష్‌బోర్డులో నా కారు తిరిగింది 40,150 కిలోమీటర్లు. గేరుబాక్సు కంప్యూటరులో ఒక పాత తప్పు నమోదై ఉంది, అది నమోదైన సమయానికి బండి తిరిగింది 71,406 కిలోమీటర్లు! డాష్‌బోర్డు అంకెను వెనక్కి తిప్పినవారు గేరుబాక్సు జ్ఞాపకాన్ని తుడవడం మరిచిపోయారు. "డాక్టరు గారి కారు సార్, ఆదివారం తప్ప బయటకు తీయలేదు" అని యార్డులో చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆ డాక్టరు గారి వారంలో ఎన్ని ఆదివారాలో.

కాబట్టి చూడబోయేటప్పుడు కారును కదపవద్దని, స్టార్టు చేయవద్దని ముందురోజే ఫోనులో చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మర్నాడు రండి. చల్లటి స్టార్టు మీరే చేయండి, కిటికీ దించి వినండి. తర్వాత నలభై నిమిషాలు ట్రాఫిక్‌లో నడపండి, ఏ ఫ్లైఓవరో ఎత్తు మీద మధ్యలో ఆపి మళ్లీ కదిలించండి. ఓబీడీ స్కానర్ (ఇంజను కంప్యూటరులో నమోదైన తప్పులను చదివే చిన్న పరికరం) రెండు మూడు వేలకు దొరుకుతుంది, స్టీరింగు కింద తగిలిస్తే ఫోనులో కనబడుతుంది. తప్పులేమీ చూపించడం లేదని సంబరపడవద్దు. అమ్మేముందు చెరిపేయడం రెండు నిమిషాల పని. చెరిపినప్పుడు ఇంజను కంప్యూటరు తన సొంత పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి, అందుకు కొన్ని రోజుల ప్రయాణం పడుతుంది. ఆ పరీక్షలు ఇంకా పూర్తికాలేదని స్కానర్ చూపిస్తే ఎవరో ఈమధ్యనే చెరిపారని లేదా బ్యాటరీ విప్పారని అర్థం. ఎందుకని అడగండి.

టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2316 అని ఉంటే 2016లో ఇరవై మూడో వారంలో తయారైందని. నావి మెరుస్తున్నాయి కదా అని చూడలేదు, మెరుపంతా పాలిష్‌ది. వెనక టైర్లు రెండూ మార్చడానికి 58,000. స్టెప్నీ ఉండదు, ఆ కొలత టైరు కడపలో దొరకదు. స్పీడు బ్రేకర్ల సంగతి వేరే చెప్పాలా? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడు బ్రేకరు వెడల్పుగా, తక్కువ ఎత్తున, గుండ్రంగా ఉండాలి. మన కాలనీల్లో ఉన్నవి బోర్లించిన గంపలు. అడుగు భాగం గీసుకునే చప్పుడు మా వీధిలో పిల్లలు కూడా గుర్తుపడతారు.

పెట్రోలు మూత లోపల 98 ఆక్టేను అని రాసి ఉంది. మన బంకుల్లో మామూలు పెట్రోలుకు అంత ఆక్టేను ఉండదు. పైగా ఇప్పుడు అందులో 20 శాతం ఇథనాలు, ఈ కారు పుస్తకంలో 10 శాతం దాటవద్దని ఉంది. ఖరీదైన పెట్రోలు కోసం ఊరంతా తిరగడమూ ఖర్చే.

కాగితాల దగ్గర కూడా దెబ్బ తిన్నాను. కర్ణాటక బండి ఆంధ్రప్రదేశ్‌కు వస్తే అక్కడి రవాణాశాఖ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తేవాలి, పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి, జీవిత పన్ను మళ్లీ కట్టాలి. ఆ పన్ను నేను కొన్న ధర మీద అనుకున్నాను. కారు కొత్తగా ఉన్నప్పటి ధర, దాని వయసు చూసి లెక్కగడతారు. ఆ అంకె విని మంచినీళ్లు అడిగాను. పైన చెప్పిన 5,90,000లో అది లేదు. బీమాలో పాత యజమాని నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము పెట్టనందుకు ఇచ్చే తగ్గింపు, మనకు రాదు. గేరుబాక్సుకు క్లెయిము పెడితే, యంత్రం దానంతట అది చెడిపోతే మామూలు పాలసీ వర్తించదన్నారు. పాలసీ కాగితంలో అలాగే ఉంది, నేనే చదవలేదు.

ఇన్ని చెప్పాక, మరి అమ్మేయవచ్చు కదా అంటారు. మా ఇంట్లోనూ ఇదే మాట. మా ఆవిడ ఒక నోటుపుస్తకం పెట్టింది. గేరుబాక్సు 3,40,000, చైను 1,15,000, టైర్లు 58,000, కూలెంటు ట్యాంకు, పంపు 46,000, ఎత్తుకెళ్లిన లారీలకు 31,000. తిరిగింది 4,100 కిలోమీటర్లు. భాగించి చూపించింది: పెట్రోలు కాకుండానే కిలోమీటరుకు 144 రూపాయలు. ఒక ఆదివారం గువ్వలచెరువు వెళ్లి పాలకోవా తెస్తే, పొట్లం చేతిలోకి తీసుకుని, "పోను రాను అరవై కిలోమీటర్లు అనుకున్నా 8,640 రూపాయల కోవా అండీ ఇది, అందరికీ పెట్టకండి" అంది.

ఆ ఆదివారాల గురించి చెప్పకపోతే మాత్రం నేనూ ఆ యార్డువాళ్లలాగే సగం దాచినవాడినవుతాను. ఉదయం ఐదున్నరకు టాపు మడిచి రాయచోటి రోడ్డు పట్టుకుంటాను. ఘాటులో మలుపుకు ముందు గేరు దించితే ఇంజను గొంతు సవరించుకున్నట్టు ఒక్క ఉరుము ఉరిమి, ఆ శబ్దం కొండకు తగిలి మళ్లీ మన మీదికే వస్తుంది. సీటు నేలకు జానెడు ఎత్తున ఉన్నట్టుంటుంది. స్టీరింగు ఇంత తిప్పితే ఇంతే తిరుగుతుంది, చేతివేళ్లకు రోడ్డు గరుకు తెలుస్తుంది. గువ్వలచెరువు దగ్గరపడేసరికి పాలు మరిగే వాసన దుకాణాల కంటే ముందు వచ్చి ముక్కుకు తగులుతుంది. పాతికేళ్లుగా అదే రోడ్డు మీద ఎన్నోసార్లు వెళ్లాను, ఆ వాసన అంత దూరం వస్తుందని ఈ కారు కొన్నాకే తెలిసింది. ఆగాక వెంటనే ఇంజను ఆపను. ఇంజనులోకి గాలిని నెట్టే టర్బో కాగి ఉంటుంది, ఒక నిమిషం అలా తిరగనిస్తాను. ఆ నిమిషంలో పిల్లలు చుట్టూ మూగుతారు.

ఇంటికొచ్చాక వేరే కథ. మా పోర్టికోలో పరిచినవి నల్లటి కడప బండలు. ఉదయం లేవగానే టార్చిలైటు పట్టుకుని కారు కింద చూడటం నాకు అలవాటైపోయింది. ఒకరోజు రూపాయి బిళ్లంత గులాబీ రంగు చుక్క కనబడింది. వేలితో తాకితే జిగట, కాస్త తీపి వాసన. కూలెంటు. ట్యాంకు ప్లాస్టిక్‌ది, పదేళ్ల వేడికి అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక. దాని విడిభాగం చెన్నై నుంచి రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. మా మెకానిక్ భాయ్ వచ్చి చూసి, "అన్నా, దీనికి నేను గాలి మాత్రమే పట్టగలను" అన్నాడు. కొనడానికి వెళ్లేటప్పుడు ఆయనను వెంట తీసుకెళ్లలేదని ఇప్పటికీ చిన్న అలక ఉంది. అమ్మ ఒక్కసారే ఎక్కింది. దేవుని కడప దాకా వెళ్లి వచ్చి, "బావిలోకి దిగినట్టుంది నాయనా" అని మళ్లీ దాని పేరెత్తలేదు.

పొగరుబోతు బండి అని తెలిసే కొన్నాను, ఆ పొగరుకు అయ్యే ఖర్చు ఎవరినీ అడగను. చైను, గేరుబాక్సు, తిప్పేసిన మీటరు మాత్రం వేరే లెక్క. వాటి గురించి అడిగితే యార్డువాళ్లు బిల్లు వెనక చిన్న అక్షరాలు చూపించారు: "ఉన్నది ఉన్నట్టుగా అమ్మడమైనది." కావాలంటే బెంగళూరులోనే తేల్చుకోమన్నారు. మా వకీలు గారు నవ్వారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు తాను ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్ చాలు. గడువు రెండేళ్లు, కాబట్టి మాటలతో కాలయాపన చేయనివ్వకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసినా దారి చెబుతారు. పాత బండ్లు కొని అమ్మేవారికి రవాణాశాఖ నుంచి అధీకృత పత్రం ఉండాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి ఉంది. అడగండి, నేను అడగలేదు. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి, కిలోమీటర్ల అంకెను బిల్లు మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి. నా కేసులో ఇప్పుడు నిలబడుతున్నది ఆ రెండు కాగితాలే: 38,200 అని వాళ్లు రాసిచ్చిన బిల్లు, 71,406 అని చూపిన స్కానర్ కాగితం.

అన్నట్టు, ఈ గొడవల తర్వాత నేనూ ఒక స్కానర్ కొన్నాను. కొట్టులో గల్లాపెట్టె కింద సొరుగులో ఉంటుంది. కడపలో ఎవరైనా ఇలాంటి బండి చూడటానికి వెళుతుంటే ముందురోజు వచ్చి తీసుకెళ్లండి, డబ్బులేమీ వద్దు. తిరిగి మాత్రం తెచ్చివ్వండి. పోయిన నెల తీసుకెళ్లిన ఆయన ఇంకా ఇవ్వలేదు, కారు కొన్నాడో లేదో కూడా చెప్పలేదు.