బాల్డర్స్ గేట్ 3 లో షార్ దేవత ట్రాక్ రివ్యూ: గుట్టు దాచుకున్నంతసేపూ సూపర్, విప్పాక మామూలే

బాల్డర్స్ గేట్ 3 మీద రివ్యూలు ఇప్పటికే కుప్పలుతెప్పలుగా ఉన్నాయి, 2023 ఆగస్టులో పీసీకి వచ్చింది, అదే ఏడాది గేమ్ ఆఫ్ ది ఇయర్ కొట్టేసింది, కంబాట్ ఎలా ఉంది గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి అని మళ్ళీ నేను చెప్పక్కర్లేదు. నేను రాసేది ఒక్క షార్ గురించే. రహస్యాలకీ చీకటికీ మరుపుకీ దేవత. ఈ గేమ్‌లో చాలామంది దేవుళ్ళు ఉన్నారు గానీ పేరుకి దేవుడని చెప్పి వదిలేయకుండా, ఆ దేవుడి పద్ధతిలో మనల్ని ఆడించింది మాత్రం ఈవిడ ట్రాక్ ఒక్కటే అని నా ఫీలింగ్. సెకండ్ యాక్ట్ దాకా ఓపెన్‌గా మాట్లాడుకుందాం, మెయిన్ ట్విస్టులు చెప్పే ముందు వార్నింగ్ ఇస్తా.

కొత్తవాళ్ళ కోసం కొంచెం బ్యాక్‌గ్రౌండ్. షార్ ఈ గేమ్ తీసిన లారియన్ వాళ్ళు పుట్టించిన క్యారెక్టర్ కాదు, డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే టేబుల్ మీద డైస్ వేసి ఆడే ఆటలో ఫర్గాటెన్ రెల్మ్స్ అని ఒక ప్రపంచం ఉంది కదా, 1987లో బాక్స్ సెట్‌గా వచ్చింది, ఆ ప్రపంచం దేవత ఈవిడ. చంద్రుడి దేవత సెలూనే ఈవిడకి కవల అక్కచెల్లెలు, సృష్టి మొదలైనప్పట్నించీ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. గుర్తు నల్లటి గుండ్రని బిళ్ళ, చుట్టూ ఊదారంగు అంచు. లోకమంతా వాడే మ్యాజిక్‌ని వీవ్ అంటారు, దానికి పోటీగా ఈవిడ షాడో వీవ్ అని సొంత దుకాణం పెట్టుకుంది, అంటే ఎంత పంతమో చూడండి. ఇంకో విషయం ఏంటంటే మామూలుగా జ్ఞానానికి దేవుడు అంటే పుస్తకాలు ఇచ్చి చదువుకోమంటాడు కదా, ఈవిడది రివర్స్, తెలిసినదాన్ని దాచెయ్, బాధపెట్టేదాన్ని మర్చిపో, నీ దగ్గర ఏమీ మిగలకపోతే నిన్నెవరూ ఏమీ చెయ్యలేరు, ఇదీ ఆవిడ బోధ. వినడానికి బానే ఉంటుంది, అదే డేంజర్.

ఇక గేమ్‌లోకి వస్తే ఈ దేవత మనకి పరిచయం అయ్యేది మన పార్టీలో చేరే షాడోహార్ట్ అనే క్లెరిక్ (దేవుణ్ణి కొలిచి ఆ శక్తితో స్పెల్స్ వేసే మనిషి) ద్వారా. ఈ అమ్మాయి దగ్గర ఒక వింత వస్తువు ఉంటుంది, అదేంటి అంటే చెప్పదు, ఎక్కడికెళ్తున్నావంటే చెప్పదు, ఎవర్ని కొలుస్తావంటే మొదట్లో అదీ చెప్పదు. చేతి మీద ఒక గాయం ఉండుండి భగ్గుమంటుంది, ఏమైంది అంటే మాట దాటేస్తుంది. మొదట్లో నాకు చిర్రెత్తుకొచ్చింది, ఏంటీ బిల్డప్ అని. ఆ తర్వాత అర్థమైంది ఏంటంటే షాడోహార్ట్ మన దగ్గర దాస్తోంది కొంతే, మిగతాదంతా ఆవిడకే తెలీదు. తన జ్ఞాపకాలు తనే ఇష్టపడి తీయించేసుకుంది, మిషన్‌లో పట్టుబడితే రహస్యాలు బయటపడకూడదని. ఎవరైనా ఆ మాట పైకి అంటే పిచ్చి అంటాం, ఆవిడ మాత్రం చాలా మామూలుగా చెప్తుంది, పైగా కొంచెం గర్వంగా. జెన్నిఫర్ ఇంగ్లిష్ వాయిస్ ఇక్కడ పెద్ద ప్లస్, అంత వెటకారంగా మాట్లాడే గొంతులో చిన్నప్పటి సంగతి అడగ్గానే ఒక్క క్షణం తడబాటు వినిపిస్తుంది.

నాకు బాగా నచ్చిన చిన్న విషయం ఒకటి చెప్తా. పెద్ద పెద్ద గుట్టులన్నీ గట్టిగా మూటకట్టి కూర్చున్న మనిషి, కాస్త చనువు పెరిగాక ఉన్నట్టుండి తనకి నైట్ ఆర్కిడ్ పూలంటే ఇష్టమనీ, ఈత రాదనీ చెప్తుంది. అంతే. దేవుళ్ళ యుద్ధాలు మైండ్‌లో పురుగులు అన్నీ నడుస్తున్న కథలో ఇంతటి సీక్రెట్ మనిషి మనకిచ్చిన మొదటి నిజాలు పూలూ ఈతా. ఎందుకంటే ఆవిడ దగ్గర మిగిలినవి అవే. రైటింగ్ అంటే ఇదీ. ఎవరు రాశారో గానీ చేతులెత్తి దండం పెట్టాలి.

ఒక సలహా, షాడోహార్ట్‌ని ఆరిజిన్ క్యారెక్టర్‌గా (అంటే కథ ముందే రాసిపెట్టిన హీరోగా) తీసుకుని మనమే ఆవిడగా ఆడొచ్చు, కానీ మొదటిసారి ఆడేవాళ్ళు దయచేసి ఆ పని చేయొద్దు, ఆవిడ పక్కన మనిషిగా ఉంటేనే మజా, గుట్టు అనేది బయటినుంచి చూస్తేనే గుట్టు.

సెకండ్ యాక్ట్‌లో గాంట్లెట్ ఆఫ్ షార్ అని భూమి లోపల గుడి వస్తుంది, అసలు రివ్యూ అంతా దీని కోసమే రాస్తున్నా అనుకోండి. పైన సమాధి మందిరంలో ఈ యాక్ట్ విలన్ కెథెరిక్ థార్మ్ అనే వాడి పెయింటింగుల పజిల్ ఉంటుంది, వాడి జీవితం ఏ వరసలో పాడైందో ఆ వరసలో వాటి కింద బటన్లు నొక్కితే దారి తెరుచుకుంటుంది. కిందకి దిగితే అంతా నల్ల రాయి, ఊదా రంగు వెలుగు, ఎక్కడ చూసినా షార్ విగ్రహాలు. లోపల మూడు పరీక్షలు, ప్రతిదానికీ ముందు గిన్నెలో కొంచెం రక్తం పొయ్యాలి.

అందులో సాఫ్ట్ స్టెప్ అనేది దొంగ నడక. నీడలు కాపలా తిరుగుతుంటాయి, వాటి కంట పడకుండా చివరిదాకా వెళ్ళాలి, పడితే మళ్ళీ మొదటికి. ఇక్కడ ఒక డిజైన్ ముచ్చట ఉంది, షాడోహార్ట్ డిఫాల్ట్‌గా ట్రిక్కరీ డొమైన్ (మాయ, మోసం మీద నడిచే శాఖ) క్లెరిక్ కదా, కంబాట్‌లో ఆ సబ్‌క్లాస్ వేస్ట్ అని అందరూ క్యాంప్‌లో క్లాస్ మార్చిపెట్టే విదర్స్ దగ్గర 100 గోల్డ్ పారేసి మార్చేస్తారు, కానీ ఆ డొమైన్‌లో పాస్ వితౌట్ ట్రేస్ స్పెల్ వస్తుంది, కంటపడకుండా నడిచే స్టెల్త్‌కి ఏకంగా +10. అంటే ఈ గుడికి ఈ అమ్మాయి పుట్టుకతోనే రెడీ అయ్యి వచ్చింది అన్నమాట, మనమే తెలివితేటలకి పోయి ఆవిడ్ని లైట్ డొమైన్ చేసి మంటలు వేయిస్తుంటాం. చీకటి దేవత భక్తురాల్ని లైట్ డొమైన్ చేయడం ఏంటి బాసూ అసలు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ప్యాచ్ 8 లో డెత్ డొమైన్ కూడా ఇచ్చారు, మార్చాలనే దురద ఉంటే కనీసం దానికి మార్చండి, టేబుల్‌టాప్ రూల్స్‌లో కూడా షార్‌కి ఇచ్చిన డొమైన్లు ట్రిక్కరీ, డెత్ ఈ రెండే.

ఫెయిత్ లీప్ అనేది నా ఫేవరెట్. ముందు పెద్ద అగాధం, దాటడానికి దారి ఉంది కానీ కనపడదు. మొదలయ్యే చోట నేల మీద గీతలు చూస్తే ఎటు నడవాలో అక్కడే గీసి ఉంటుంది, చాలామంది అది చూడరు, కాలి కింద ఉన్నదాన్ని తొక్కుకుంటూ పోయి గాల్లో పడిపోతారు. దాచడం అంటే ఎక్కడో పాతిపెట్టడం కాదు ఎదురుగా పెట్టి చూడనివ్వకపోవడం అని ఆ దేవత మనకి క్లాస్ పీకినట్టు ఉంటుంది. ఫ్లై, మిస్టీ స్టెప్ లాంటి ఎగిరే, మాయమై తేలే స్పెల్స్ వాడి గెంతుకుంటూ పోవచ్చు, గేమ్ ఆపదు, కానీ అలా చేస్తే ఈ గుడికి ఎందుకొచ్చినట్టు.

సెల్ఫ్ సేమ్ మాత్రం నాకు ఎక్కలేదు. మన పార్టీకే డూప్లికేట్లు వస్తాయి వాటితో కొట్టుకోవాలి. ఐడియా బావుంది కానీ చివరికి ఇంకో ఫైట్ అయిపోయింది. పైగా నీ శత్రువు నువ్వే అనేది ఏ దేవుడి గుడిలో పెట్టినా సరిపోతుంది, షార్‌కే ప్రత్యేకం ఏముంది.

మూడు పరీక్షలు కాకుండా సైలెంట్ లైబ్రరీ అని ఒకటుంది, మిస్ అవ్వకండి. ఇక్కడ నిశ్శబ్దం మ్యాజిక్ పని చేస్తుంటుంది కాబట్టి నోటితో మంత్రం చదివి వేసే స్పెల్స్ ఏవీ పడవు. అంటే విజర్డ్, క్లెరిక్, అందరూ మూగవాళ్ళే, కర్రా కత్తీ పట్టుకుని కొట్టుకోవాల్సిందే. ఆ గొడవ అయ్యాక అల్మారాల్లో వెతికి షార్ బోధల పుస్తకాల్లో సరైనది తెచ్చి పీఠం మీద పెడితే లోపలి గది తెరుచుకుంటుంది, స్పియర్ ఆఫ్ నైట్ అనే ఈటె అందులోనే. ఇక్కడే ఆ దేవత క్యారెక్టర్ మొత్తం అర్థమైపోతుంది, పుస్తకాలు ఇన్ని ఉన్న చోట నోరు తెరిచి ఒక్క ముక్క పైకి చదవడానికి లేదు. గ్రంథాలయం కట్టింది చదివించడానికి కాదు, తాళం వేసుకోవడానికి. లోర్ నోట్స్ కూడా ఓపిగ్గా చదివితే ఇక్కడి భక్తులు ఏమయ్యారో ముక్కలు ముక్కలుగా తెలుస్తుంది, అయితే ఒక్క కంప్లైంట్, సెలూనేతో గొడవ ఎందుకు వచ్చిందనేది ఈ కాగితాలు చదవనివాళ్ళకి సరిగ్గా ఎక్కదు, అక్కాచెల్లెళ్ళ తగాదా అని ఒక లైన్ విని ముందుకెళ్ళిపోతారు, మెయిన్ కథలోనే ఇంకొంచెం పెట్టాల్సింది.

ఇక్కడ్నించి స్పాయిలర్స్. ఆడనివాళ్ళు ఆపేయండి.

గుడి అడుగునుంచి వెళ్ళే షాడోఫెల్ అనే చీకటి లోకంలో నైట్‌సాంగ్ ఉంటుంది, అది వస్తువు కాదు, సెలూనే కూతురు. షాడోహార్ట్ ఆ ఈటెతో ఆమెని పొడిస్తే డార్క్ జస్టీషియర్, అంటే షార్ తరఫు యోధురాలు అవుతుంది, జీవితమంతా ఆవిడ కోరుకున్న పదవి. ఈ సీన్‌లో మనం డైస్ వేసి ఒప్పించొచ్చు. కానీ ఆ పని చేయకుండా నీ ఇష్టం అని వదిలేసి చూడండి, అప్పటిదాకా ఆవిడతో మన చనువు బావుంటే తనంతట తనే ఈటె విసిరేస్తుంది. నేను ఆడిన గేముల్లో ప్లేయర్ నోరు మూసుకోవడమే బెస్ట్ ఛాయిస్ అయిన సీన్లు చాలా తక్కువ, అదీ రహస్యాల దేవత కథలో పెట్టడం మామూలు తెలివి కాదు.

థర్డ్ యాక్ట్‌కి వచ్చేసరికి గాలి తీసేశారు. హౌస్ ఆఫ్ గ్రీఫ్ అని సిటీలో ఒక చోటు ఉంటుంది, నీ బాధలు మాకు చెప్పుకో తేలికపడతావ్ అని బయటికి ఒక సేవలాగా నడుస్తుంటుంది, లోపల షార్ వాళ్ళ అడ్డా. ఈ ఐడియా మాత్రం అదిరింది, జనం తమ గుట్టు తామే తెచ్చి చేతిలో పెట్టి పోతారు కదా, ఇంతకన్నా బాగా రహస్యాలు ఎలా పోగేస్తారు. కానీ దీన్ని సరిగ్గా వాడుకోలేదు, కాసేపటికే లోపలికెళ్ళి కొట్లాట. తర్వాత షాడోహార్ట్ అమ్మానాన్నల సంగతి, చేతి గాయం ఎందుకో అన్నీ వరసపెట్టి చెప్పేస్తారు. తల్లిదండ్రుల్ని చనిపోనిస్తే ఆ గాయం తాలూకు శాపం పోతుంది, బతికించుకుంటే నొప్పి ఉంటుంది అనే ఛాయిస్ గుండెని పిండేస్తుంది, అది కాదనను. కానీ షార్ స్వయంగా నోరు విప్పి అంత సూటిగా బెదిరించడం నాకు నచ్చలేదు. అంతవరకూ కనపడకుండా భయపెట్టిన మనిషి ఎదురుగా వచ్చి అరిస్తే పక్కింటి అత్తగారిలా అనిపించింది, భయం పోయింది.

అక్కడే మిర్రర్ ఆఫ్ లాస్ అనే అద్దం ఉంటుంది. ఒక జ్ఞాపకం ఇచ్చేస్తే ఏదో ఒక స్టాట్ 2 పాయింట్లు పెంచుకోవచ్చు. బిల్డ్‌లు కట్టేవాళ్ళకి పండగే, నేనూ వదల్లేదు. కానీ ఆలోచిస్తే అక్కడ మనం పోగొట్టుకున్నది ఏముంది? జర్నల్‌లో ఒక్క పేజీ చెరిగిపోయినా, ఒక్క క్వెస్ట్ సంగతి మసకబారినా, పార్టీలో ఒకరి పేరు కనపడకుండా పోయినా దెబ్బ తెలిసేది. షాడోహార్ట్ బతుకంతా పోగొట్టుకుంది, మనకి మాత్రం స్ట్రెంగ్త్ ఫ్రీ. ఇంత బాగా మెకానిక్స్‌లో దేవతని పెట్టినవాళ్ళు ఇక్కడ ఎందుకు వెనక్కి తగ్గారో.

రేటింగ్ అడిగితే గాంట్లెట్ వరకూ పదికి తొమ్మిదిన్నర, థర్డ్ యాక్ట్ ఏడు. హౌస్ ఆఫ్ గ్రీఫ్ కిందకి దిగే ముందు లాంగ్ రెస్ట్ తీస్కుని సేవ్ చేస్కోండి, అక్కడ గుంపు పెద్దది, డార్క్‌నెస్ స్పెల్స్ వేసి ఏమీ కనపడనివ్వరు, డెవిల్స్ సైట్ (మ్యాజిక్ చీకట్లో కూడా చూడగలిగే శక్తి) ఉన్న వార్‌లాక్ ఒకడుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.