ఫ్లాట్‌బెడ్డా, లోబెడ్డా?

పక్కగోడలూ పైకప్పూ లేకుండా చదునైన డెక్ మాత్రమే ఉండే లారీ ఫ్లాట్‌బెడ్. చాలామంది డెక్ బాగా కిందికి ఉండే లోబెడ్‌నీ అదే పేరుతో పిలిచేస్తారు, బండి వచ్చాక గొడవ మొదలవుతుంది.

అసలు తేడా ఎత్తులో ఉంది. ఫ్లాట్‌బెడ్ ట్రైలర్ డెక్ నేల నుంచి సుమారు 1.5 మీటర్లు ఉంటుంది. 3 మీటర్ల ఎత్తున్న ఎక్స్‌కవేటర్‌ని దానిమీద పెడితే మొత్తం 4.5 మీటర్లు; ఎత్తు తక్కువున్న వంతెనల కింద పట్టదు. లోబెడ్ డెక్ మీటరు లోపే కాబట్టి అదే యంత్రం 4 మీటర్లలో సర్దుకుంటుంది. వెనక ర్యాంపులుంటే క్రేన్ లేకుండా నడిపి ఎక్కించొచ్చు. కాకపోతే పొట్ట కిందికి ఉండటంతో స్పీడ్ బ్రేకర్ల మీద, ఎత్తైన రైలు గేట్ల దగ్గర ఆనేస్తుంది.

ఇనుప కడ్డీలు, పైపులు, కలప, ప్యాలెట్లకు ఫ్లాట్‌బెడ్డే మేలు. ఫోర్క్‌లిఫ్ట్ రెండు పక్కల నుంచీ అందుకుంటుంది, అద్దె కూడా మామూలుగా తక్కువే.

ఫ్లాట్‌బెడ్ మీద సరుకుని ఆపేవి కట్లే. వాటి మొత్తం సామర్థ్యం సరుకు బరువులో కనీసం సగం ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క: 20 టన్నులకు 2.5 టన్నుల బెల్టులు నాలుగు. నాలుగుతో సరిపెట్టడం పిసినారితనం, ఆరు వేయండి. పదునైన అంచు దగ్గర కార్నర్ గార్డ్ పెట్టకపోతే బెల్టు కోసుకుపోతుంది. కుదుపులకు సరుకు సర్దుకుని కట్లు వదులవుతాయి, అందుకే మొదటి గంటలోనే ఆగి, బెల్టుని లాగి పట్టే రాచెట్‌ని మళ్లీ బిగించాలి. చక్రాలకు బదులు చైన్ల మీద నడిచే యంత్రాన్నయితే బెల్టులతో కాదు, గొలుసులతో నాలుగు మూలలా కట్టాలి.