ఏడేళ్లుగా ఒకటే బ్యాటరీ: కార్డ్‌లెస్ మెషిన్లతో నా అనుభవం

విజయవాడలో ఇంటీరియర్ వడ్రంగి పని చేస్తాను. ఎక్కువగా మాడ్యులర్ కిచెన్లు, కప్‌బోర్డులు. 2018లో మకిటా కంపెనీ 18 వోల్టుల డ్రిల్ కొన్నాను. దాంతో పాటు రెండు 3 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ ఎంత ఛార్జ్ పట్టుకుంటుందో చెప్పే లెక్క) బ్యాటరీలు, ఒక ఛార్జర్ వచ్చాయి. ఆ రోజు కొట్లో టార్క్ (తిప్పే బలం) ఎంత, చక్ (బిట్ పట్టే మూతి) సైజు ఎంత అని గంట సేపు అడిగాను కానీ బ్యాటరీ గురించి ఒక్క మాటా అడగలేదు. ఇప్పుడు పని నేర్చుకుంటున్న కుర్రాడెవరైనా 'ఏ మెషిన్ కొనాలన్నా' అంటే, ముందు ఏ బ్యాటరీ కొంటావో తేల్చుకోమంటాను.

ఎందుకంటే ఆ డ్రిల్ తర్వాత కొన్నవన్నీ ఆ బ్యాటరీని చూసే కొన్నాను. 2020లో యాంగిల్ గ్రైండర్, తర్వాత సర్క్యులర్ సా, మొన్నమొన్న ఒక బ్లోయర్. అన్నీ బ్యాటరీ, ఛార్జర్ లేని ఒట్టి బాడీలే. అలా కొంటే ధర బాగా తగ్గుతుంది. 2018 నాటి బ్యాటరీ తీసి నిన్నటి మెషిన్‌కు తొడిగినా టక్కుమని కూర్చుంటుంది. మకిటాలో ఈ వరుసను ఎల్ఎక్స్‌టీ అంటారు, 2005 నుంచి నడుస్తోంది. ఒక్కటి మాత్రం చూసుకోండి: బ్యాటరీ మీద చిన్న నక్షత్రం గుర్తు ఉండాలి. నక్షత్రం లేని బాగా పాత బ్యాటరీలు నక్షత్రం ఉన్న మెషిన్లలోకి దిగవు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకు ఇది ముఖ్యం.

ఛార్జర్ గురించి కూడా చెప్పాలి. నాది డీసీ18ఆర్‌సీ. లోపల చిన్న ఫ్యాన్ ఉంటుంది, బ్యాటరీ పెట్టగానే గాలి బ్యాటరీ లోపలి నుంచి పోతుంది. 5 ఏహెచ్ బ్యాటరీ 45 నిమిషాల్లో నిండుతుంది. మే నెలలో గ్రైండర్ నుంచి తీసి వెంటనే పెడితే ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటుంది, వేడి తగ్గేదాకా ఛార్జింగ్ మొదలుపెట్టదు. మొదట్లో విసుగొచ్చేది. ఏడేళ్ల తర్వాత కూడా నా మొదటి రెండు బ్యాటరీల్లో ఒకటి డ్రిల్ పనికి బాగానే ఉందంటే ఆ ఆగడమే కారణమని నమ్ముతున్నాను.

ఇక నేను చేసిన పొరపాటు. వేరే కంపెనీ జిగ్‌సా ఒకటి తక్కువలో దొరికింది, అదీ 18 వోల్టులదే. వోల్టులు ఒకటే కదా అని ఆన్‌లైన్లో ఒక అడాప్టర్ తెప్పించాను. ఒక వైపు నా బ్యాటరీ, ఇంకో వైపు ఆ జిగ్‌సా. మూడు వారాలు బ్రహ్మాండంగా పని చేసింది. ఒక సాయంత్రం మా హెల్పర్ కుర్రాడు, మెషిన్ నీరసించి ఆగిపోయేదాకా కోసి, బ్యాటరీని అడాప్టర్‌కే వదిలేసి వెళ్లాడు. మర్నాడు ఛార్జర్లో పెడితే ఎరుపు, పచ్చ లైట్లు మార్చి మార్చి వెలిగాయి, అంటే బ్యాటరీ పాడైందని గుర్తు. మల్టీమీటర్ పెట్టి చూస్తే 9 వోల్టులు.

ఆ 9 అంకె ఏం చెబుతోందంటే: 18 వోల్టుల బ్యాటరీలో ఐదు సెల్స్ వరుసగా ఉంటాయి. ఒక్కో సెల్ 2.5 వోల్టుల కంటే కిందికి పోకుండా ఆగాలి, అంటే మొత్తం మీద పన్నెండున్నర. నాది ఒక్కో సెల్‌కు రెండు వోల్టుల కంటే కిందికి పోయింది. సొంత మెషిన్లో అయితే ప్లస్, మైనస్ కాకుండా ఇంకో చిన్న కాంటాక్టు ఉంటుంది. 'ఇక చాలు, ఆపు' అని బ్యాటరీ దాని ద్వారానే మెషిన్‌కు చెబుతుంది. నా అడాప్టర్ విప్పి చూస్తే రెండే తీగలు, ప్లస్సూ మైనస్సూ. చెప్పే దారే లేదు. హెల్పర్‌ను తిట్టినందుకు ఆ రోజు బాధ పడ్డాను, తప్పు వాడిది కాదు.

పోయిన బ్యాటరీ స్థానంలో కక్కుర్తి పడి ఒక డూప్లికేట్ కొన్నాను. పైన '6 ఏహెచ్' అని రాసుంది. చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా అనిపించి పక్క కిరాణా కొట్లో కాటా మీద పెట్టించాను, 400 గ్రాములు కూడా లేదు. నా ఒరిజినల్ 5 ఏహెచ్ 600 గ్రాములు దాటుతుంది. ఇలాంటి బ్యాటరీల్లో ఉండే గుండ్రటి సెల్‌ను సైజును బట్టి 18650 అంటారు, ఒక్కటి దాదాపు 45 గ్రాములుంటుంది. ఐదేసి చొప్పున రెండు వరుసలు, పది సెల్స్ ఉంటే వాటి బరువే 450 రావాలి. విప్పితే లోపల ఐదే. ఆ సైజు సెల్స్ ఎంత మంచివైనా ఒకే వరుస ఐదింటితో 6 ఏహెచ్ రాదు. గ్రైండర్‌కు పెట్టిన రెండో రోజే టెర్మినల్స్ చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడింది. పనివాళ్ల చేతిలో ఉండే వస్తువు అది, ఆ రోజే పక్కన పడేశాను.

పేరు, వోల్టులు రెండూ ఒకటే అయినా కలవని సందర్భాలున్నాయి. మకిటాలోనే జీ సిరీస్ అని ఉంది, అదీ 18 వోల్టులే, బ్యాటరీ నంబరు చివర 'జీ' ఉంటుంది. ఎల్ఎక్స్‌టీ మెషిన్‌కు అది తగలదు. బాష్‌లో నీలం రంగు ప్రొఫెషనల్ 18 వోల్టుల బ్యాటరీలు 2008 నుంచి ఒకదానికొకటి సరిపోతాయి, ఆకుపచ్చ రంగు ఇంటి వాడకం మెషిన్లవి మాత్రం వేరు. మా ఎలక్ట్రీషియన్ తమ్ముడు వాడే బాష్ చిన్న స్క్రూ మెషిన్‌లో పాత 10.8 వోల్టుల బ్యాటరీ, కొత్త 12 వోల్టుల బ్యాటరీ రెండూ పడతాయి, పేరు మారిందంతే. డీవాల్ట్ 20 వోల్ట్ మ్యాక్స్ అన్నా, మార్కెట్లో దొరికే 21 వోల్టులన్నా ఫుల్ ఛార్జ్ అప్పటి వోల్టుల లెక్క, లోపల 18 వోల్టుల దానిలాగే వరుసకు ఐదు సెల్సే. అంకె పెద్దదని బలం ఎక్కువనుకోవద్దు, అంకె దగ్గరగా ఉందని పడుతుందనీ అనుకోవద్దు. మీ బ్యాటరీ చేత్తో పట్టుకెళ్లి కొట్లోనే తొడిగి చూడండి.

గ్రైండర్ వాడేవాళ్లకు ఒక మాట: 2 ఏహెచ్ చిన్న బ్యాటరీ పడుతుంది, తిరుగుతుంది, కానీ ఇనుప పైపు మీద నొక్కగానే ఆగిపోతుంది. అందులో ఉన్నవి ఐదు సెల్సే, భారం వాటిమీదే పడుతుంది. 5 ఏహెచ్‌లో పది సెల్స్ ఆ భారాన్ని పంచుకుంటాయి.

ఈ మధ్య మకిటాలోనే ఇంకో వరుస, 40 వోల్టుల ఎక్స్‌జీటీకి మారమని మా కొట్టాయన చెబుతున్నాడు. బలం ఉంది, చేత్తో పట్టి చూశాను. కానీ ఆ బ్యాటరీ నా మెషిన్లలో ఒక్కదానికీ పడదు. ఏడీపీ10 అని మకిటా సొంత అడాప్టర్ ఉంది కానీ అది నా పాత బ్యాటరీలను కొత్త ఛార్జర్ మీద ఛార్జ్ చేసుకోవడానికే. నాకున్న నాలుగు మెషిన్లకు ఇంకో 5 ఏహెచ్ బ్యాటరీ కొనుక్కుని వచ్చాను.