ముసురులో ఫైనల్: మర బిగించే ఆరు స్టడ్ల బూట్లు మన నేలకు పనికొస్తాయా?

ఆగస్టు 15 ఫుట్‌బాల్ టోర్నమెంట్లు దగ్గర పడితే దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ స్పోర్ట్స్ దుకాణాల్లో అందరూ అడిగేది ఒకటే: "వానలో జారని బూట్లున్నాయా?" దానికి జవాబుగా పై అరలోంచి దిగేది మర బిగించే ఆరు స్టడ్ల (నేలలో దిగి పట్టునిచ్చే మొనల) జత. మామూలు బూట్ల కంటే ఖరీదు. చేతిలో పట్టుకుంటే బరువుగా, గట్టిగా, నమ్మకంగా ఉంటుంది. ముందే చెప్పేస్తాం: లోతుగా నానే నేలైతే గోల్‌కీపర్‌కు, స్టాపర్లకు (గోల్ ముందు కాచే డిఫెండర్లకు) కొనండి. వింగర్లకు (మైదానం అంచుల వెంట దూసుకెళ్ళేవాళ్ళకు) మాత్రం వద్దు. టీమంతటికీ ఒకే రకం తెచ్చి పంచడం డబ్బు దండగ, ఆపైన మోకాళ్ళకు ముప్పు.

ముందు సరుకేమిటో చూద్దాం. అడుగున స్టడ్లు ఆరే: పాదం ముందు భాగాన నాలుగు, మడమ కింద రెండు. ముందువి సాధారణంగా 13 మిల్లీమీటర్లు, వెనకవి 15. ఒళ్ళు నైలాన్, కొన అల్యూమినియం. పెట్టెలో వచ్చే చిన్న తాళంతో విప్పి వేరే పొడవువి బిగించుకోవచ్చు. మామూలు మౌల్డెడ్ బూటుకైతే పది పన్నెండు పొట్టి స్టడ్లు అడుగుతో కలిపి పోతపోసి ఉంటాయి. ఆరు స్టడ్ల బూటు సుగుణమంతా ఆ లెక్క తక్కువలోనే ఉంది. మధ్యన ఎడం ఎక్కువ కాబట్టి బంకమట్టి ఇరుక్కుని నిలవదు, పరుగు ఊపుకే ఊడి పడిపోతుంది. పన్నెండు స్టడ్ల బూటుకు సందులన్నీ బురదతో పూడిపోతాయి. పూడాక కాలి కింద మిగిలేది మట్టి మెత్తిన నున్నటి పీట. వానలో ఆటగాళ్ళు జారేది చాలాసార్లు స్టడ్లు పొట్టివై కాదు, పూడిపోయి.

ఈ బూటు పేరు చెప్పగానే 1954 ప్రపంచకప్ ఫైనల్ గుర్తు చేసేవాళ్ళుంటారు. గ్రూపు మ్యాచ్‌లో 8-3తో తమను చిత్తు చేసిన హంగరీనే జులై 4న బెర్న్ నగరంలో, వానలో, పశ్చిమ జర్మనీ 3-2తో గెలిచింది. అడిడాస్ కంపెనీ స్థాపకుడు అడి డాస్లర్ తయారు చేసిన మర స్టడ్లను వానకు తగ్గట్టు పొడవువి బిగించుకుని ఆడారు. కథ నిజమే. కానీ అక్కడ స్టడ్డు దిగింది దట్టమైన పచ్చిక కింద నానిన మెత్తటి నేలలోకి. మన మైదానాల సంగతి వేరు.

గజపతి, రాయగడ మెరక ప్రాంతాల మైదానాలు ఎక్కువగా ఎర్రమట్టివి. ఎత్తుపల్లాలు సరిచేయడానికి మొరం పోసి దొర్లించినవీ చాలా ఉన్నాయి. ముసురు పట్టినా వాటిలో పైపొరే అడుసవుతుంది, కింద రాయిలా ఉంటుంది. అలాంటి చోట 15 మిల్లీమీటర్ల స్టడ్డు సగం దిగి ఆగిపోతుంది. ఆటగాడు ఆరు మేకుల మీద నిలబడ్డట్టే. అరికాలు నొప్పి పుడుతుంది, పక్కకు తిరిగినప్పుడు చీలమండ మెలిపడుతుంది. వంశధార పక్కన ఒండ్రు నేల మైదానాల్లో, వరి మళ్ళను చదును చేసిన చోట, మట్టి లోతుగా నానుతుంది. ఈ బూట్లకు తగిన నేల అదీ.

నేలను పరీక్షించడానికి రెండు నిమిషాలు చాలు. మ్యాచ్‌కు గంట ముందు బూటు తొడిగి మూడు చోట్ల నిలబడండి: రెండు గోల్‌పోస్టుల ముందు, మైదానం మధ్యన. ఒంటికాలి మీద బరువంతా వేసి, పక్కవాణ్ణి వంగి చూడమనండి. బూటు అడుగు నేలను తాకితే పొడవు సరిపోయింది. అడుగుకీ నేలకీ మధ్య వెలుతురు కనిపిస్తే పొట్టి స్టడ్లకు మారండి, లేదా మౌల్డెడ్ వేసుకోండి. అసలు ముందు రోజు సాయంత్రమే బొటనవేలితో నేల నొక్కి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది: గోరు మునిగేలోపే గట్టి తగిలితే ఆరు స్టడ్ల జత సంచిలోనే ఉండాలి. దీనికి వ్యతిరేకంగా, మరీ బాగా దిగినా ఒక చిక్కుంది. పాదం నేలలో పాతుకుపోయి ఒళ్ళు మాత్రం తిరిగితే ఆ మెలికంతా మోకాలి మీద పడుతుంది. వింగర్లకు వద్దనేది అందుకే. క్షణక్షణం దిశ మార్చేది వాళ్ళే.

బిగించే పద్ధతిలో జరిగే పొరపాట్లే ఈ బూట్లకు చెడ్డపేరు తెస్తాయి. ముందు రంధ్రంలోని మట్టిని అగ్గిపుల్లతో తీసేయాలి. మరకు కొంచెం వాసెలిన్ రాయాలి, లేకపోతే తుప్పు పట్టి స్టడ్డు అక్కడే ఉండిపోతుంది. గోపాలపురం వైపు ఉప్పుగాలికి ఈ బెడద మరీ ఎక్కువ. చేత్తో చివరిదాకా తిప్పి, తాళంతో పావు చుట్టు బిగిస్తే చాలు. బలం చూపిస్తే మర పోతుంది, మర పోయిన బూటు ఇక దేనికీ పనికిరాదు. స్టడ్డు వంకరగా ఎక్కుతోందనిపిస్తే విప్పి మళ్ళీ మొదలుపెట్టండి. హాఫ్‌టైమ్‌లో ఆరూ ఒకసారి తాళంతో చూసుకోవాలి, ఎందుకంటే బంకమట్టి లాగే లాగుడుకు వదులైనది ఊడి బురదలో మాయమవుతుంది. ఒకటి పోతే అరిగిన వాటి మధ్య కొత్తది ఎత్తుగా నిలుస్తుంది గనక వెనకవైతే రెండూ, ముందువైతే నాలుగూ కలిపే మార్చాలి. బూటు అడుగుకు కొబ్బరినూనె పల్చగా పూస్తే మట్టి అంటుకోవడం తగ్గుతుంది. స్టడ్ల కొనలకు మాత్రం వద్దు.

సిమెంటు మీద, తారురోడ్డు మీద వీటితో నడవకూడదు. అల్యూమినియం కొన చెక్కుకుపోయి అంచు బ్లేడులా తయారవుతుంది. స్టడ్డు ఇంతే పొడవుండాలని ఆట చట్టంలో లేదు గానీ, ఎవరికైనా ప్రమాదం తెచ్చేవి వేసుకోకూడదని నాలుగో చట్టం చెబుతుంది. వేలితో తడిమి చూసి రిఫరీ బయటికి పంపితే తప్పు ఆయనది కాదు.

పైభాగం సింథటిక్‌దే తీసుకోండి. తోలు నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, సాగుతుంది. అడుగు, పైభాగం జిగురుతో అతికించినవే ఎక్కువ కాబట్టి కొన్న రోజే చెప్పులు కుట్టే ఆయనతో నైలాన్ దారంతో చుట్టూ కుట్టిస్తే వానాకాలమంతా నిలుస్తాయి. ఆట అయ్యాక కడిగి, స్టడ్లు విప్పి, లోపల పాత పేపరు ఉండలు కుక్కి నీడలో ఆరబెట్టాలి. గంటకోసారి పేపరు మార్చాలి. పొయ్యి దగ్గర పెడితే జిగురు విడిపోతుంది.

బూట్లు ఎంత మంచివైనా వానలో ఆట తీరు మారాల్సిందే. తడి పచ్చిక మీద బంతి నేల తాకగానే జర్రున దూసుకుపోతుంది. నీళ్ళు నిలిచిన చోట ఠక్కున ఆగిపోతుంది. ఒకే మైదానంలో ఈ రెండూ ఉంటాయి, అందుకే మ్యాచ్‌కు ముందు బంతి దొర్లించి ఏ మూల ఎలా ఉందో టీమంతా చూసుకోవాలి. గోల్ ముందు పచ్చిక అరిగిపోయి గుంట పడి ఉంటుంది కనక కీపర్‌కు పట్టు కావాలి, ఒకే చోట నిలబడి ఒక్కసారిగా ఎగరాల్సింది అతనే. ఆరు స్టడ్ల ఖర్చు అతని విషయంలో దండగ కాదు. స్టాపర్లకూ అంతే: వెనక్కి నడుస్తూ బంతిని తలతో ఎదుర్కోవాలి, జారితే గోలే. టాస్ గెలిస్తే మొదటి సగంలో ఏ గోల్ మీద దాడి చేయాలో ఎంచుకోవచ్చు. వాన ఆగేలా లేకపోతే నీళ్ళు చేరే గోల్‌ను మొదటి సగంలోనే మీరు కాచుకోండి. రెండో సగానికి అది చెరువవుతుంది, ఆ తలనొప్పి అవతలి కీపర్‌కు వదిలేయండి.

బంతి గురించి నిర్వాహకులకు ఒక మాట. చట్టం ప్రకారం ఆట మొదట్లో బరువు 410 నుంచి 450 గ్రాములు, గాలి 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్లు ఉండాలి. చౌక రకం కుట్టుబంతుల్లో కుట్ల గుండా నీళ్ళు లోపలికి పోతాయి. ఫిఫా నీటి పరీక్షలో బంతిని తడిలో 250 సార్లు నొక్కి తిప్పుతారు. పై రకం ముద్ర కావాలంటే బరువు 10 శాతానికి మించి పెరగకూడదు. అంటే 430 గ్రాముల బంతి 473 దాటకూడదు. ఇదే పని బకెట్‌తో, వంటింటి కాటాతో ఇంట్లోనూ చేయొచ్చు. పోతపోసిన రబ్బరు బంతికి కుట్లు లేవు గనక నీళ్ళు పట్టవు, కాకపోతే కాలికి గట్టిగా తగులుతుంది. ఎండ తీక్షణత నుంచి వాన చల్లదనానికి 8 డిగ్రీలు పడిపోతే 0.8 ఉన్న గాలి 0.75కు దిగుతుంది, అందుకే గాలి కొలత మైదానంలోనే చూడాలి. సూదిని తడిపి గుచ్చండి, లేకపోతే వాల్వు చిరుగుతుంది.

మార్కులు: లోతుగా నానే నేలలో కీపర్‌కు 10కి 8, స్టాపర్‌కు 7. మొరం మైదానంలో ఎవరికైనా 3. వింగర్లు, మధ్యలో ఆడేవాళ్ళు ఎడంగా ఉన్న గుండ్రటి స్టడ్ల మౌల్డెడ్ జతే తీసుకుని, హాఫ్‌టైమ్‌లో పుల్లతో మట్టి గీకుకుంటే చాలు.

కొనేటప్పుడు ఆడే మేజోళ్ళు తొడిగే కొలత చూసుకోండి. స్టడ్డు విప్పి రంధ్రంలోకి చూడండి: లోపల లోహపు మర ఉండాలి, ప్లాస్టిక్ మర నాలుగు మ్యాచ్‌లకే అరిగిపోతుంది. విడి స్టడ్లు మన వైపు ఎప్పుడూ దొరికే సరుకు కాదు కాబట్టి తాళం, కనీసం ఆరు అదనపు స్టడ్లు జతతోపాటే చేతిలో పడాలి. "తర్వాత తెప్పిస్తాం లెండి" అంటే డబ్బు జేబులోనే ఉంచుకోండి.