రూములో బాడుగ, కరెంటు ఎట్లా పంచుకుంటే మేలు?

తిరుపతిలో బైరాగిపట్టెడలోనో పద్మావతిపురంలోనో ముగ్గురు కలిసి ఇల్లు తీసుకోగానే వచ్చే ప్రశ్న ఒకటే: ఖర్చులు తలకింత అని పంచుకోవాలా, గదిని బట్టా, వాడకాన్ని బట్టా? జూన్‌లో రూములు వెతికే రోజుల నుంచి మళ్లీ మళ్లీ వినిపించేది ఇదే. బాడుగ దగ్గర జనం ఎట్లాగో సర్దుకుంటారు. స్నేహాలు చెడేది ఏప్రిల్, మే కరెంటు బిల్లుల దగ్గర. కాబట్టి బాడుగ సంగతి ముందు తేల్చేసి, కరెంటు దగ్గర ఎక్కువసేపు ఆగుదాం.

డబుల్ బెడ్‌రూము ఇల్లు 900 చదరపు అడుగులు, బాడుగ 15,000 అనుకోండి. పెద్ద గది 12×14, దాని అటాచ్డ్ బాత్రూము 5×8, రెండూ కలిపి 208 అడుగులు. చిన్న గది 10×11, అంటే 110. మిగిలిన 582 అడుగుల హాలు, వంటిల్లు, బాల్కనీ అందరివీ. అడుగుకు 16.67 చొప్పున అందరి చోటుకు 9,700 పడుతుంది, తలకు 3,233. పెద్ద గదికి 3,467, చిన్న గదికి 1,833.

పెద్ద గదిలో ఇద్దరు, చిన్న గదిలో ఒకరు ఉన్నారంటే ఆ ఇద్దరికీ 4,967 చొప్పున, ఒక్కరుగా ఉన్నవాళ్లకు 5,066 వస్తుంది. వంద రూపాయల తేడా కోసం టేపు పట్టుకుని కొలవనక్కర్లేదు, తలా 5,000 వేసుకోండి. అదే పెద్ద గది ఒక్కరే తీసుకుంటే లెక్క మారిపోతుంది: వాళ్ల వాటా 6,700, మిగతా ఇద్దరిదీ 4,150 చొప్పున. ఇక్కడ కూడా తలా 5,000 అంటే చిన్న గదిలో ఇరుక్కున్న ఇద్దరూ నెలకు 850, ఏడాదికి 10,200 చొప్పున ఎక్కువ కడుతున్నట్టు. గది కొలతలకన్నా ముందు చూడాల్సింది తలుపేసుకుని ఒక్కరే పడుకునేది ఎవరని.

అడుగుల లెక్కకు అందని సంగతులు ఉన్నాయి. పై అంతస్తులో పడమటి గోడ ఉన్న గది రాత్రి పదకొండు దాటినా సెగ కక్కుతూనే ఉంటుంది. బజారు వైపు కిటికీ ఉంటే పొద్దున్నే నిద్ర ఉండదు. ఇట్లాంటప్పుడు చీటీల పద్ధతి బాగుంటుంది. ఇద్దరు, రెండు గదులు అనుకోండి. ఏ గదికి తామెంత ఇవ్వగలమో, రెండూ కలిపి 15,000 అయ్యేటట్టు ఇద్దరూ విడివిడిగా రాయాలి. ఒకరు పెద్ద గదికి 9,000, చిన్నదానికి 6,000 రాశారు. రెండోవారు 8,000, 7,000 రాశారు. పెద్ద గది మొదటివారికి, చిన్నది రెండోవారికి. వాళ్లు రాసినవి కలిపితే 16,000, అంటే 1,000 మిగులు. దాన్ని చెరిసగం తగ్గిస్తే 8,500, 6,500. ఇద్దరికీ తాము రాసినదానికంటే 500 తక్కువే పడింది, ఎదుటివారి గది చవగ్గా పోయిందని అనిపించదు. అడ్వాన్సు కూడా ఇదే నిష్పత్తిలో వేసుకోవాలి.

జీతాన్ని బట్టి పంచుకోవడం భార్యాభర్తలకు, అన్నదమ్ములకు నప్పుతుంది. రూమ్మేట్ల మధ్య ఎవరి జీతమెంతో ఎవరు నిజం చెబుతారు? బాడుగ ఒకరు, సరుకులు ఒకరు, కరెంటు ఒకరు అని పంచుకునే పద్ధతి అయితే చలికాలం దాటి నిలవదు.

ఇక కరెంటు. మనకు కరెంటిచ్చే సంస్థ ఎస్పీడీసీఎల్ ఇళ్ల బిల్లు శ్లాబుల్లో ఎక్కుతుందన్నదే మొత్తం తగువుకు మూలం. 2022లో వచ్చిన శ్లాబులతో లెక్క చూద్దాం: మొదటి 30 యూనిట్లకు ఒక్కోదానికి 1.90 రూపాయలు, తర్వాత 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఫ్యాన్లు, ఫ్రిజ్, లైట్లు, మోటారు కలిపి నెలకు 120 యూనిట్లయితే యూనిట్ల ఖరీదు 394.50. ఒక గదిలో ఒకటిన్నర టన్ను ఏసీ పెట్టి రాత్రికి 8 యూనిట్ల చొప్పున కాల్చారంటే నెలకు మరో 240. మొత్తం 360 యూనిట్లకు 2,198.25. పెరిగింది 1,803.75.

దీన్ని మూడు రకాలుగా పంచుకోవచ్చు. తలకింత అంటే ఒక్కొక్కరికి 733. ఏసీ గాలి తగలనివాళ్లు కూడా 600 చొప్పున అదనంగా కడుతున్నారు. ఇది అన్యాయమని అందరికీ తెలుసు. సగటు ధర కట్టి, యూనిట్‌కు 6.11 చొప్పున ఏసీ వాళ్లు 240 యూనిట్లకు కడితే? చూడటానికి న్యాయంగానే కనిపిస్తుంది, ఎక్కువమంది చేసేదీ ఇదే. అయితే మిగిలిన 120 యూనిట్లకు 733 మిగులుతుంది, తలకు 244. ఏసీ లేనప్పుడు అదే ఫ్యాను, అదే లైటుకు తలకు పడింది 131.50 మాత్రమే. పక్క గది ఏసీ వల్ల వీళ్ల ఫ్యాను ధర దాదాపు రెండింతలయింది.

అందుకని నా ఓటు మూడోదానికి: ఏసీ లేకుంటే బిల్లెంత వచ్చేదో అంత ముగ్గురూ పంచుకుని, పైన పెరిగిందంతా ఏసీ గది కట్టడం. ఏసీ వాళ్లకు యూనిట్ 7.52 పడుతుంది. శ్లాబు దాటించింది ఆ యంత్రమే కాబట్టి ఆ భారం దానిదే. రెండు గదుల్లోనూ ఏసీలుంటే ఏది ముందు, ఏది వెనక అని వాదించుకోవద్దు. పెరిగిన మొత్తాన్ని రెండు సబ్‌మీటర్ల (ఒక్కో ఏసీ వాడకాన్ని విడిగా చూపే చిన్న మీటర్ల) యూనిట్ల నిష్పత్తిలో పంచండి. ఫిక్స్‌డ్, కస్టమర్ ఛార్జీలు తలకింత. యూనిట్ల మీద పడే సుంకం, సర్దుబాటు ఛార్జీలు ఎవరి యూనిట్లకు వాళ్లవి.

దీనికి సబ్‌మీటరు తప్పదు. ఎన్ని గంటలు వేశామన్న లెక్క ఇన్వర్టర్ ఏసీ దగ్గర పనికిరాదు, 24లో పెట్టినప్పుడూ 27లో పెట్టినప్పుడూ అది ఒకేలా కాల్చదు. ఇంటి ఓనరును అడిగి, ఏసీ లైను ఎంసీబీ (ఎక్కువ కరెంటు లాగితే దానంతటదే ఆగే స్విచ్చు) తర్వాత సింగిల్ ఫేజ్ సబ్‌మీటరు పెట్టించండి. పాత ఇళ్లలో ఏసీ ప్లగ్గుకు గీజరు లైను నుంచే వైరు లాగి ఉంటారు. అప్పుడు అందరి వేడినీళ్లూ ఏసీ లెక్కలో పడతాయి. ఏసీ ఆపేసి గీజరు వేసి చూడండి; మీటరు మీది చిన్న ఎర్రలైటు మిణుకుమంటే లైను కలిసినట్టే. వైరింగు ముట్టుకోవద్దని ఓనరు అంటే యూనిట్లు చూపించే 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గు కొనండి. 10 ఆంపియర్లది ఏసీకి పెడితే వేడెక్కి కరిగిపోవచ్చు. సబ్‌మీటరు రీడింగు ఒకటో తేదీన కాక, స్పాట్ బిల్లు తీసిన రోజే రాసుకోవాలి, లేకుంటే రెండు లెక్కలూ ఎప్పటికీ కలవవు.

గీజరు గురించి కొట్లాడకండి. రెండు కిలోవాట్ల గీజరు పావుగంటకు అర యూనిట్, అందరూ అంతే వాడితే తలకింత చాలు.

తిండికి యూనివర్సిటీ హాస్టళ్ల డివైడింగ్ పద్ధతే మేలు, అంటే మొత్తం ఖర్చును తిన్న పూటలను బట్టి పంచుకోవడం. శ్రీసిటీ ఫ్యాక్టరీలకు బస్సెక్కేవాళ్లు ఒక పూట కంపెనీ క్యాంటీన్‌లో తింటారు, ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసేవాళ్లు రాత్రి ఇంట్లో ఉండరు. సరుకులు, గ్యాసు, నీళ్ల క్యాన్లు కలిపి నెలకు 9,000 అయి, తిన్న పూటలు 70, 50, 30 అయితే పూటకు 60. వాటాలు 4,200, 3,000, 1,800. వంటింటి గోడ మీది క్యాలెండర్‌లో ఏ పూటకాపూట గీత గీయాలి, నెలాఖరున గుర్తు చేసుకుని రాస్తే తప్పులే. సరుకులు సరిపోతున్నాయా అని చూసుకోవడానికి బియ్యమే కొలమానం: పూటకు 150 గ్రాముల చొప్పున ముగ్గురు రెండుపూటలా తింటే 26 కిలోల బస్తా 28 రోజులు దాటుతుంది. అంతకన్నా ముందే అయిపోతే ఎవరివో గీతలు పడటం లేదు. కోడి, మాంసం, పాలు ఎవరు తింటే వాళ్లే విడిగా.

తిరుపతిలో ఉన్నాక దర్శనానికి వచ్చే చుట్టాలు తప్పరు. వాళ్లను కాదనే రూలు పెట్టడం మన ఊరికి తగదు. వాళ్లు తిన్న పూటలు పిలిచినవాళ్ల ఖాతాలో గీతలుగా పడితే చాలు. మూడు రాత్రులు దాటి ఉంటే, ఆ రోజులకు కరెంటులో అందరూ పంచుకునే వాటాకు ఒక తల కలిపి, అదీ పిలిచినవాళ్ల మీదే వేయండి. వైఫై, పనిమనిషి జీతం, అపార్టుమెంటు మెయింటెనెన్స్ తలకింత, వాటిలో ఆలోచించేదేమీ లేదు.

మధ్యలో ఎవరైనా ఖాళీ చేస్తే ఇంకొక సంగతి చూసుకోవాలి. బిల్లులో వచ్చే ట్రూఅప్ ఛార్జీలు పాత నెలల వాడకానివి. కొత్తగా చేరినవారు ఆ రోజుల్లో అక్కడ లేరు, వాళ్ల తల మీద వేయకూడదు. వెళ్లేవారి అడ్వాన్సు వాటాను వచ్చేవారి నుంచి తీసుకుని ఇచ్చేటప్పుడు ఈ పాత బాకీకని కొంత ఆపుకోవడం మామూలే, కానీ ఎంత ఆపుతున్నారో, ఏ నెల దాకా ఆపుతున్నారో రాసి ఇవ్వండి. మెయిన్ మీటరు, సబ్‌మీటరు రెండింటి రీడింగులూ వెళ్లేవారు సామాను దించే ముందే ఫొటో తీసి గ్రూపులో పెట్టండి.