వీపు బ్యాగా, స్లింగ్ బ్యాగా? యూరప్ ఊళ్లలో రోజంతా తిరగడానికి ఏది మేలు?

రోమ్‌లో మొదటి రోజు పొద్దున హోటల్ నుంచి బయల్దేరేటప్పుడు మా వీపు బ్యాగులో మూడు లీటరు నీళ్ల సీసాలు, జంతికల డబ్బా, రెండు గొడుగులు, అత్తయ్య స్వెటరు, ఆవిడ బీపీ మందులు, పవర్ బ్యాంకు, ముగ్గురి పాస్‌పోర్టులు ఉన్నాయి. నీళ్లే మూడు కిలోలు. మిగతావాటితో కలిపి మొత్తం బ్యాగు ఆరు కిలోలకి తక్కువ ఉండదు. మావారు మారుమాట లేకుండా వీపుకి తగిలించుకున్నారు. సాయంత్రానికి ఆయన భుజాల మీద పట్టీలు ఒరుసుకుని ఎర్రగా కమిలిపోయాయి. డబ్బాలో జంతికలు సగం కూడా కాలేదు.

ఆ ప్రయాణంలో రోమ్, ఫ్లోరెన్స్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, మధ్యలో స్విట్జర్లాండ్ చూశాం. వీపు బ్యాగు, స్లింగ్ బ్యాగు, గుడ్డ సంచి, నడుముకి కట్టుకునే పౌచ్ అన్నీ వాడి చూశాం. మ్యూజియాలు, చర్చిలు చూసే ఊళ్లలో ఒంటికి అడ్డంగా వేసుకునే చిన్న స్లింగ్ బ్యాగే మేలని నాకు గట్టిగా అనిపించింది. కొండలకి వెళ్లే రోజు మాత్రం వీపు బ్యాగు ఉండాల్సిందే. ఎందుకో చెప్తాను.

బ్యాగు కొనేటప్పుడు మనం ఎన్ని అరలున్నాయి, ఎంత పడుతుంది అని చూస్తాం. అక్కడ అసలు లెక్క గేటు దగ్గర తేలుతుంది. రోమ్‌లో వాటికన్ మ్యూజియంలో 40×35×15 సెంటీమీటర్లు దాటిన బ్యాగుని లోపలికి తీసుకెళ్లనివ్వరు, క్లోక్‌రూమ్‌లో ఇచ్చి వెళ్లాలి. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం కాస్త నయం, 55×35×20 దాకా ఒప్పుకుంటారు, ఉచిత లాకర్లూ ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో నాజీల కాలంలో ఆన్ ఫ్రాంక్ అనే యూదు అమ్మాయి దాక్కున్న ఇంట్లోకి ఏ4 కాగితం కంటే పెద్ద బ్యాగు తీసుకెళ్లకూడదు. ఆ ఇంటి మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉంటాయి. అక్కడ వీపున బ్యాగుతో ఎవరైనా వెనక్కి తిరిగితే పక్కవాళ్లకి తగలడం ఖాయం. ఫ్లోరెన్స్ కెథెడ్రల్ గుమ్మటం ఎక్కాలంటే 463 మెట్లు, లిఫ్టు లేదు. బ్యాగులు ముందే అప్పగించి ఎక్కాలి. రోమ్‌లోని కొలోసియం సంగతి వేరు. పెద్ద బ్యాగులు రానివ్వరు, దాచుకోవడానికి అక్కడ చోటూ లేదు. పెద్ద బ్యాగుతో వెళ్తే, టికెట్ మీద వేసిన టైముకి మీరు లోపల కాకుండా బయట బ్యాగు పెట్టే చోటు వెతుక్కుంటూ ఉంటారు.

క్లోక్‌రూమ్ ఉందిగా, ఇచ్చేసి వెళ్దాం అనుకోవడం తేలికే. మేమూ అలాగే అనుకున్నాం. మనకి అలిపిరిలో సామాను అప్పగించి మెట్లెక్కితే పైన కొండ మీద చేతికొస్తుంది. ఆ అలవాటుతో వాటికన్‌లో బ్యాగు ఇచ్చేశాం. మ్యూజియం చివర్లో వచ్చే సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థన మందిరం చూశాక అటు నుంచి అటే సెయింట్ పీటర్స్ బాసిలికా అనే పెద్ద చర్చికి వెళ్దామనుకుంటే, బ్యాగు మ్యూజియం గుమ్మం దగ్గర ఉంది. వెనక్కి వచ్చి తీసుకుని, మళ్లీ ఆ పొడవాటి గోడ చుట్టూ ఎండలో నడిచి బాసిలికా ముందుకి వచ్చి, మళ్లీ సెక్యూరిటీ లైన్లో నిలబడ్డాం. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. గోడ పక్కన ఆగి, "అమ్మాయ్, ఇంకా ఎంత దూరమే?" అని ఆవిడ అడిగినప్పుడు నాకు చాలా బాధేసింది. ఆ సాయంత్రమే స్టేషన్ దగ్గర ఒక కొట్లో నలుపు రంగు స్లింగ్ బ్యాగు కొన్నాను. పొడవు నా జానెడున్నర కూడా లేదు.

మర్నాటి నుంచి తేడా బాగా తెలిసింది. సెక్యూరిటీ దగ్గర జిప్పు తీసి చూపించడం, వేసుకోవడం, అంతే. టికెట్ కావాలన్నా ఫోన్ కావాలన్నా బ్యాగు దించక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యం, బ్యాగు ఎప్పుడూ కళ్ల ముందే ఉంటుంది. పారిస్ మెట్రోలో జేబుదొంగలున్నారు జాగ్రత్త అని మైకులో చెప్తూనే ఉంటారు. రోమ్‌లో టెర్మినీ స్టేషన్ నుంచి వాటికన్ వైపు వెళ్లే 64వ నంబరు బస్సుకి ఆ విషయంలో ఎప్పట్నుంచో పేరుంది. వేరే ఊళ్లో మెట్రోలో నాకే ఒకసారి అయింది. ఆ రోజు వీపు బ్యాగు నేను తగిలించుకున్నాను. ఎవరో పెద్దావిడ భుజం తట్టి వెనక్కి చూపించింది. జిప్పు సగం తీసి ఉంది. ఏమీ పోలేదు గానీ, ఆ రోజంతా టెన్షన్‌తోనే తిరిగాను. రద్దీలో వీపు బ్యాగుని ముందుకి తగిలించుకోవచ్చు, నిజమే. కానీ కడుపు మీద ఆరు కిలోలు వేలాడుతుంటే కాళ్ల కింద మెట్టు కనిపించదు.

స్లింగ్ బ్యాగుకి నేను చేసుకున్న ఏర్పాటు ఒకటుంది. జిప్పు మూసినప్పుడు దాని కొన ముందు వైపుకి వచ్చేలా వేసుకుంటాను. జిప్పు కొనకున్న చిన్న రింగునీ, పట్టీ రింగునీ ఒక పిన్నీసుతో కలిపేస్తాను. నాకు తీయడానికి రెండు సెకన్లు పడుతుంది. తెలియనివాళ్లు లాగితే రాదు.

ఇక నష్టాలు. బరువంతా ఒక్క భుజం మీదే పడుతుంది. రెండు కిలోలు దాటితే మధ్యాహ్నానికి మెడ పట్టేస్తుంది. కాబట్టి స్లింగ్ బ్యాగు వేసుకోవాలంటే ముందు నీళ్ల మోత తగ్గించాలి. రోమ్‌లో అది చాలా తేలిక. వీధుల్లో నసోనే అనే ఇనప కుళాయిలుంటాయి, అంటే పెద్ద ముక్కులని అర్థం. 1874 నుంచి ఉన్నాయి, ఇప్పుడు ఊరంతా కలిపి దాదాపు 2,500. నీళ్లు చల్లగా, ఎప్పుడూ పారుతూనే ఉంటాయి. వంగి తాగక్కర్లేదు. కింద ధార వచ్చే చోట వేలితో మూస్తే పైనున్న చిన్న చిల్లులోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, నోరు పెడితే చాలు. ఒక పాప అలా తాగుతుంటే చూసి అత్తయ్య నేర్చుకున్నారు. ఇక అక్కణ్ణుంచి కుళాయి కనపడితే ఆగాల్సిందే. పారిస్‌లోనూ 1872లో మొదలైన వాలెస్ కుళాయిలున్నాయి, ఆకుపచ్చ రంగువి. అరలీటరు సీసా ఒక్కటుంటే చాలు, ఎక్కడ ఖాళీ అయితే అక్కడ నింపుకోవచ్చు.

వెన్ను నొప్పి ఉన్నవాళ్లు, చంటిపిల్లలతో వెళ్లేవాళ్లు నా మాట పూర్తిగా పట్టించుకోకండి. డైపర్లు, పాలసీసా, మార్చే బట్టలు స్లింగ్‌లో పట్టవు. రెండు భుజాల మీదా సమంగా పడే చిన్న వీపు బ్యాగే వాళ్లకి మంచిది. కాకపోతే 40×35×15 లోపు ఉన్నదే కొనండి. వాటికన్‌లో కుదిరిందంటే లూవ్ర్‌లోనూ ఇబ్బంది ఉండదు.

స్విట్జర్లాండ్‌లో మేం మళ్లీ వీపు బ్యాగే తీశాం. అక్కడి ఆల్ప్స్ కొండల్లో యుంగ్‌ఫ్రావ్‌యోక్ అనే చోటు 3,454 మీటర్ల ఎత్తులో ఉంది. కింద ఎండ కాస్తున్నా పైన మంచే. జాకెట్లు, గ్లౌజులు, టోపీలు, చలవ కళ్లద్దాలు, రైల్లో తినడానికి చపాతీలు, వీటికి స్లింగ్ ఏ మూలకీ చాలదు. పైదాకా రైలే వెళ్తుంది కాబట్టి మోత కూడా పెద్దగా ఉండదు.

నడుముకి కట్టే పౌచ్ మావారు రెండు రోజులు వాడారు. ఫోను, పర్సు వరకూ భద్రమే, కానీ సీసాకి చోటు లేదు. దాంతో ఆయన సీసా నా బ్యాగులోకి చేరింది. ఇద్దరూ చెరొక స్లింగ్ వేసుకుంటేనే బరువు సమంగా పడుతుంది. పాస్‌పోర్టులు, ఎక్కువ డబ్బు మాత్రం అసలు బ్యాగులోనే వద్దు. అత్తయ్య చీర కుచ్చెళ్ల దగ్గర బొడ్లో దోపుకునే చిన్న గుడ్డ సంచి ఎప్పట్నుంచో వాడతారు. మొదటి రోజు తర్వాత మూడు పాస్‌పోర్టులూ ఆవిడ దగ్గరే ఉంచాం. అక్కణ్ణుంచి ప్రయాణం మొత్తమ్మీద వాటి గురించి ఒక్కసారి కూడా నాకు బెంగ కలగలేదు.

పైన తెరిచి ఉండే గుడ్డ సంచిని రోజంతా భుజాన వేసుకుని తిరగొద్దు. జారిపోతుంది, ఎవరి చెయ్యైనా పోతుంది.  కానీ మడత పెట్టి స్లింగ్‌లో ఒకటి ఉంచుకోవాలి. ఇప్పుడు నా బ్యాగులో ఉండేవి అరలీటరు సీసా, ఫోను, చిన్న పవర్ బ్యాంకు, ఆ పూట మందులు, చర్చిల్లో భుజాలు కప్పుకోవడానికి ఒక పల్చటి చున్నీ, కొంగుముడంత చేసి పెట్టిన గుడ్డ సంచి. మా ఊరి బట్టల కొట్టువాళ్లు ఇచ్చిందే అది. సాయంత్రం హోటల్‌కి వస్తూ పాలు, బ్రెడ్డు, అరటిపళ్లు కొంటే వాటన్నిటినీ అందులోనే వేసుకొస్తాం.