ఎడ్డీ వెడ్డర్ ‘యుకులేలే సాంగ్స్’: పాత పాటల దగ్గర పాఠం నేర్చుకున్న రాక్ గొంతు

పెర్ల్ జామ్ అనే రాక్ బృందానికి ప్రధాన గాయకుడిగా సంగీతప్రియులకు సుపరిచితులైన ఎడ్డీ వెడ్డర్ 2011 మే 31న ‘యుకులేలే సాంగ్స్’ అనే ఆల్బమ్‌ను తన సొంత పేరుతో విడుదల చేశారు. ఇందులో 16 ట్రాకులున్నాయి. అన్నీ కలిపినా సుమారు 35 నిమిషాలకు మించవు. ఆయన గొంతు, నాలుగు తీగల యుకులేలే, అక్కడక్కడా ఒక అతిథి స్వరం, ఒక పాటలో చెల్లో (వయొలిన్ తరహా పెద్ద తీగవాద్యం) తప్ప ఇందులో వేరే ధ్వని దాదాపు వినిపించదు. పదకొండు ట్రాకులు ఆయన స్వయంగా కూర్చినవి, మిగిలిన అయిదు పాటలు ఇతరులవి. ఆ అయిదింటిలో నాలుగు 1926కూ 1937కూ మధ్య పుట్టిన అమెరికన్ పాప్ గీతాలు కాగా, ఒకటి 1960 నాటి కంట్రీ, అంటే అమెరికా పల్లె సంగీతపు, బాణీ పాట. ఎంతోమంది ఈ పాత పాటలను ఆల్బమ్‌కు చేర్చిన అలంకారాలుగా చూస్తారు. ఆల్బమ్ అంతటికీ ఆధారం అవేనని, వెడ్డర్ సొంత పాటల్లో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నది తేల్చుకోవడానికి కూడా అవే కొలమానమని నా నమ్మకం.

ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే వాయిద్యం సంగతి కొంత చెప్పుకోవాలి. చెరకు తోటల్లో పనికోసం మదీరా దీవి నుంచి 1879లో ఓడలో హొనొలులు చేరిన పోర్చుగీసు వలసదారులు తమ వెంట తెచ్చిన చిన్న తీగవాద్యమే హవాయిలో యుకులేలేగా రూపుదిద్దుకుంది. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో హవాయి వాద్యకారులు దాన్ని అమెరికా ప్రధాన భూభాగపు శ్రోతలకు గట్టిగా పరిచయం చేశారు. ఆ తరువాతి పదేళ్లలో దానికి ఎంత గిరాకీ పెరిగిందంటే, అచ్చయ్యే పాటల స్వరలిపి పుస్తకాలలో సాహిత్యం పైన యుకులేలే కార్డుల (ఒకేసారి మీటే స్వరాల గుంపుల) బొమ్మలు వేయడం ప్రచురణకర్తలకు ఆనవాయితీ అయింది. అంటే 1920లలోని పాప్ పాటను యుకులేలే మీద వాయించడం ఏ రకంగానూ కొత్త ప్రయోగం కాదు. ఆ పాట ఇళ్లలోకి వచ్చిందే ఆ వాయిద్యాన్ని వెంటబెట్టుకుని.

వాయిద్యం పరిమితులు కూడా ఈ ఆల్బమ్ రూపాన్ని చాలావరకు నిర్ణయించాయి. పెట్టె చిన్నది, మెడ పొట్టిది, తీగలు సాధారణంగా నైలాన్‌వి. కాబట్టి మీటిన స్వరం మోగిన కొద్దిసేపటికే అణగిపోతుంది. పైగా వాడుకలో ఉన్న శ్రుతి అమరికలో అన్నిటికన్నా పైన ఉండే నాలుగో తీగ, గిటార్‌లో మాదిరి మంద్రంగా కాక, మూడో తీగకన్నా హెచ్చు స్థాయిలో పలుకుతుంది. అందువల్ల కింది స్థాయిలో పాటను మోసే స్వరమేదీ యుకులేలేలో ఉండదు. ఆ ఖాళీని నింపడానికి పుట్టినట్టుంటుంది వెడ్డర్ గొంతు. సహజంగానే మంద్రంలో బరువుగా పలికే ఆ గొంతు పైనుంచి చినుకుల్లా రాలే తీగల స్వరాల కింద నేలలా పరుచుకుంటుంది. ఆయన ఒక మాటను సాగదీసి పట్టుకున్నప్పుడు తీగలు అప్పటికే ఆగిపోయి ఉంటాయి. ఆ క్షణంలో పాట భారమంతా గొంతు మీదే పడుతుంది. రాక్ వేదిక మీద గిటార్ల హోరును దాటుకుని వినిపించాల్సిన గాయకుడికి ఇక్కడ దాక్కోవడానికి చోటే లేదు.

‘మోర్ దాన్ యు నో’ పాటలో ఈ సంగతి స్పష్టంగా తెలుస్తుంది. 1929లో విన్సెంట్ యూమన్స్ బాణీ కట్టిన ఈ పాట, ఎక్కువ రోజులు ఆడని ఒక బ్రాడ్వే (న్యూయార్క్ నాటకశాలల) సంగీత నాటకం కోసం పుట్టి, నాటకం మరుగున పడ్డాక కూడా జాజ్ గాయకుల నోట బతికింది. పెద్ద వాద్యబృందంతో పాడిన గాయకులు దీన్ని ఒక నాటకీయ శిఖరం దాకా తీసుకువెళ్తారు. వెడ్డర్ ఆ శిఖరం జోలికి పోకుండా, ఎదుటి మనిషికి మాత్రమే వినిపించాలన్నంత తక్కువ స్థాయిలో పాడారు. బాణీలోని స్వరాల మలుపులు కఠినమైనవే అయినా ఎక్కడా తడబాటు లేదు, ఎక్కడా ప్రదర్శన లేదు. సొంత పాటల మధ్య నాలుగో స్థానంలో వచ్చే ఈ పాట, అంతవరకూ విన్న మూడింటినీ వెనక్కి తిరిగి కొత్తగా వినేలా చేస్తుంది.

‘స్లీప్‌లెస్ నైట్స్’ దారి వేరు. బూడ్లో, ఫెలీస్ బ్రయంట్ దంపతులు రాయగా ఎవర్లీ సోదరులు 1960లో పాడిన ఈ పాటకు మూలం, ఒకే కుటుంబంలోని ఇద్దరు దగ్గరి స్వరాలతో జంటగా పాడే కెంటకీ ప్రాంతపు పల్లె సంప్రదాయంలో ఉంది. రెండు గొంతులూ ఒకేసారి ఊపిరి తీసుకోవాలి, ఒకేసారి మాట విడవాలి, లేకపోతే పాట కూలుతుంది. ఇక్కడ వెడ్డర్‌తో కలిసి పాడింది ఐర్లండ్‌కు చెందిన గాయకుడు గ్లెన్ హాన్సార్డ్. ఇద్దరివీ గరుకైన గొంతులే. సోదరుల గొంతుల్లోని నునుపు ఇక్కడ దొరకదు. ఆ గరుకుదనమే నాకు నచ్చింది, ఎందుకంటే నిద్రలేని రాత్రుల గురించిన పాటకు అలసిన గొంతు అందం తెస్తుంది. ఆల్బమ్‌లో అమెరికా పల్లె సంగీతపు వేళ్లు ఎక్కువ లోతుకు దిగింది ఈ పాటలోనే.

క్యాట్ పవర్ పేరుతో పాడే షాన్ మార్షల్ గొంతు కలిపిన ‘టునైట్ యు బిలాంగ్ టు మి’ ఇంకా చిన్నది, ఇంకా తేలికైనది. బిల్లీ రోజ్, లీ డేవిడ్ 1926లో కూర్చిన ఈ పాటను 1956లో పేషెన్స్, ప్రూడెన్స్ అనే ఇద్దరు అక్కాచెల్లెళ్లు బాల్యపు గొంతులతో పాడి మళ్లీ జనాదరణలోకి తెచ్చారు. పరాయి మనిషికి చెందిన ప్రేమను ఒక్క రాత్రికి అడిగే ఆ సాహిత్యాన్ని పిల్లల గొంతులో విన్నప్పుడు దాని విషాదం పైకి కనిపించదు. ఇద్దరు వయసు పండిన గాయకులు పాడినప్పుడు కనిపిస్తుంది. వెడ్డర్, మార్షల్ దానిని నొక్కి చెప్పరు, దాచరు కూడా. 1937 నాటి ‘వన్స్ ఇన్ ఎ వైల్’ మాత్రం ఈ స్థాయిని అందుకోలేదు. పాడిన తీరులో లోపం లేదు గాని, ఎందుకు ఎంచుకున్నారో పాట వింటే తెలియదు.

ఇక సొంత పాటల విషయం. వెడ్డర్‌కు యుకులేలే 2011లో కొత్తగా దొరికిన ఆటవస్తువు కాదు. 2000లో వచ్చిన పెర్ల్ జామ్ ఆల్బమ్ ‘బైనారల్’లోనే ‘సూన్ ఫర్గెట్’ను ఆయన యుకులేలే మీద పాడారు. ఇక్కడ మొదటి ట్రాకుగా ఉన్న ‘కాంట్ కీప్’ కూడా 2002లో అదే బృందం ‘రయట్ యాక్ట్’ ఆల్బమ్‌లో వాయించిన రాక్ పాట. దానిని ఇక్కడ వేగంగా, దాదాపు కోపంగా తీగలను రాపాడిస్తూ పాడారు. చిన్న వాయిద్యం మెత్తగానే ఉండాలన్న అపోహను మొదటి నిమిషంలోనే తొలగించడానికి ఇది చక్కని ఎంపిక. అయితే ఆ ఆవేశం ఆ తరువాత మళ్లీ ఎక్కడా రాకపోవడం నన్ను నిరాశపరిచింది.

సొంత పాటల్లో అన్నిటికన్నా మెరుగైనది నిస్సందేహంగా ‘స్లీపింగ్ బై మైసెల్ఫ్’. బాణీ హుషారుగా నడుస్తుంటే సాహిత్యం ఒంటరితనాన్ని చెబుతుంది. 1920ల పాప్ రచయితలకు బాగా తెలిసిన ఈ పద్ధతిని వెడ్డర్ అనుకరించలేదు, వంటబట్టించుకున్నారు. మాటలు తక్కువ, మలుపు ఒక్కటే, పాట ముగియాల్సిన చోట ముగుస్తుంది. ‘లాంగింగ్ టు బిలాంగ్’లో చెల్లో చేరడం వల్ల, యుకులేలేకు లేని దీర్ఘస్వరం ఒక్కసారిగా సమకూరి చెవికి విశ్రాంతి దొరుకుతుంది. ‘యు ఆర్ ట్రూ’ ఆనందాన్ని దాచుకోని పాట. ఇంత దిగులు మధ్య దాని అవసరం చాలా ఉంది.

లోపం ఎక్కడంటే, ‘గుడ్‌బై’, ‘బ్రోకెన్ హార్ట్’ వరుసగా వచ్చే చోట. రెండూ వీడ్కోలు గురించినవే, రెండింటి నడకా దాదాపు ఒకటే, రెండూ ఒకే మానసిక స్థితిలో మొదలై అదే స్థితిలో ముగుస్తాయి. విడివిడిగా వింటే ఏదీ బలహీనం కాదు. కలిపి వింటే రెండోది మొదటిదానిని చెరిపేస్తుంది. వాద్యసామగ్రి ఇంత తక్కువగా ఉన్నప్పుడు వైవిధ్యమంతా బాణీ నుంచి, లయ నుంచి రావాలి. ఈ సూత్రం పాత పాటల రచయితలకు తెలుసు. వారి పాటల్లో మూడో భాగానికి వచ్చేసరికి స్వరం ఎటో ఒక పక్కకు తిరిగి శ్రోతను ఆశ్చర్యపరిచి మళ్లీ ఇంటికి చేరుతుంది. వెడ్డర్ సొంత పాటల్లో కొన్ని ఆ తిరుగుడు లేకుండా ఒకే వలయంలో నడుస్తాయి.

పాటల క్రమం కూడా ఈ లోపాన్ని పెంచింది. అయిదు పాత పాటల్లో నాలుగింటిని చివరి అయిదు ట్రాకులలోకి నెట్టారు. వాటిని మొదటి సగంలో పంచి ఉంటే, మధ్యలో వచ్చే మందకొడితనం చాలావరకు తగ్గేది. కొన్ని క్షణాల్లోనే ఆగిపోయే ‘హే ఫాకా’ను ఆల్బమ్‌లో ఉంచడానికి నాకైతే కారణం కనిపించలేదు. ‘వేవింగ్ పామ్స్’ మాత్రం నిమిషమైనా లేని వాద్యఖండమే అయినా, రెండు పాత పాటల మధ్య గొంతుకు విరామమిచ్చి తన స్థానాన్ని సమర్థించుకుంది.

ధ్వనిముద్రణ విషయంలో వెడ్డర్‌కు, సహనిర్మాత ఆడమ్ కాస్పర్‌కు పూర్తి మార్కులు. వేలు తీగను తాకిన చప్పుడును, పదానికి ముందు తీసుకున్న ఊపిరిని తుడిచేయలేదు. అందుకే దీన్ని ఫోన్ స్పీకర్‌లో వినవద్దని చెబుతాను. గొంతులోని మంద్రభాగం అక్కడ పోతుంది, అది పోతే మిగిలేది సగం ఆల్బమే. ఆ సంగతి చివరి పాట అయిన 1931 నాటి ‘డ్రీమ్ ఎ లిటిల్ డ్రీమ్’లో ఇంకా బాగా తెలుస్తుంది, ఎందుకంటే దానిని ఆయన తన గొంతు చేరగలిగినంత కిందికి దింపి పాడారు.

ఈ ఆల్బమ్ ఉత్తమ జానపద ఆల్బమ్ విభాగంలో గ్రామీ నామినేషన్ పొందింది. పెర్ల్ జామ్ హోరును ఆశించి వచ్చేవారికి దీన్ని సిఫారసు చేయను. యుకులేలే నేర్చుకుంటున్నవారికి, ముఖ్యంగా పాడుతూ వాయించాలనుకునేవారికి, తప్పక కొనమంటాను. వారు ‘కాంట్ కీప్’తో కాక ‘మోర్ దాన్ యు నో’తో మొదలుపెట్టి, ఆ వెంటనే ‘స్లీపింగ్ బై మైసెల్ఫ్’ వినాలి. ఆ తరువాత, పెర్ల్ జామ్ 2013లో ‘లైట్నింగ్ బోల్ట్’ ఆల్బమ్ కోసం పూర్తి బృందంతో మళ్లీ రికార్డు చేసిన అదే పాటను కూడా పక్కన పెట్టి వినవచ్చు. బృందం వాయించినది నిండుగా ఉంది, నాణ్యంగానూ ఉంది. అయినా ఒంటరితనం గురించిన పాటలో గాయకుడు నిజంగా ఒంటరిగా ఉన్న 2011 నాటి రూపాన్నే నేను ఎంచుకుంటాను.